పాఠకుల సందేహాలు: ‘పోర్టు’, ‘పట్నం’ ఒకే మాటా?

ప్రశ్న: మా నాన్నగారు విశాఖపట్నం పోర్టులో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయిని ‘పోర్ట్’ అనే మాట నుంచి పుట్టిన ఇంగ్లీషు మాటలు రాసుకురమ్మని బడిలో చెప్పగా, ఆమె ఎక్స్‌పోర్ట్, రిపోర్ట్, ఇంపార్టెంట్, పాస్‌పోర్ట్, పోర్టరు, పోర్షన్, పోర్ట్రెయిట్ అని రాసుకుంది. అది చూసి నాన్నగారు, పోర్టన్నా పట్నమన్నా ఒకటేనని, మన మాటే తెల్లవాళ్ల నోట పడి అలా మారిందని అన్నారు. అది లాటిన్ మాట అని నిఘంటువులో ఉందని అమ్మాయి పట్టుబడుతోంది. ఇద్దరిలో ఎవరిది సరి? అమ్మాయి రాసుకున్న మాటలన్నీ నిజంగా ఒక్క మూలం నుంచి వచ్చినవేనా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: మూలం విషయంలో మీ అమ్మాయి మాటే సరి. అయితే ఆమె పట్టికలో రెండు మాటలు కొట్టివేయవలసినవి ఉన్నాయి. మీ నాన్నగారు రెండు మాటలనూ ఒకచోట పెట్టి చూడడంలో మాత్రం గట్టి విషయమే ఉంది. అది వేరే కోణం నుంచి తేలుతుంది కనుక దాని సంగతి చివర చెబుతాను.

ఓడరేవు అనే అర్థంలో ఇంగ్లీషువారు వాడే ‘పోర్ట్’ లాటిన్‌లోని ‘పోర్టుస్’ నుంచి వచ్చింది. లాటిన్‌లో దానికి తోబుట్టువులనదగిన మాటలు మరి రెండున్నాయి. ‘పోర్టా’ అంటే కోట గుమ్మం, ద్వారం. ‘పోర్టారే’ అంటే మోసుకుపోవడం. ఓడ లోపలికి వచ్చే దారి, గోడను దాటి ఊళ్లోకి వచ్చే దారి, సరుకును ఒకచోటి నుంచి మరొకచోటికి చేర్చడం, ఈ మూడింటిలోనూ కనిపించేది దాటడం, దాటించడం అనే భావమే. భాషా చరిత్రకారులు ఈ మూడింటికీ ‘పెర్’ అనే అతి ప్రాచీన ధాతువును మూలంగా చూపుతారు. రోమన్ల తొలి లిఖిత శాసనాలైన పన్నెండు ఫలకాలలో, అంటే క్రీస్తుపూర్వం 5వ శతాబ్దిలో, ‘పోర్టుస్’ అనే మాటను ఇల్లు అనే అర్థంలో వాడారని ఫెస్టుస్ అనే ప్రాచీన నిఘంటుకారుడు రాసిపెట్టాడు. కాబట్టి ఆ మాట మొదటి నుంచీ ఓడలకే కట్టుబడి ఉన్నది కాదు. మనుషులు వచ్చిపోయే తోవ అనే పాత అర్థం నుంచి క్రమంగా రేవు వైపు మొగ్గింది. రోమన్లకు ‘పోర్టూనుస్’ అని ఒక దేవుడు కూడా ఉండేవాడు. రేవులూ ద్వారాలూ తాళపుచెవులూ ఆయన అధీనంలో ఉంటాయని నమ్మి, ఏటా ఆగస్టు 17న ఆయనకు పండుగ చేసేవారు. టైబర్ నది ఒడ్డున ఉన్న ఆయన గుడిని 9వ శతాబ్దిలో చర్చిగా మార్చడం వల్ల అది కూలిపోకుండా నేటికీ నిలిచి ఉంది. రేవుకూ గుమ్మానికీ ఒక్కడే దేవుడు కావడాన్ని ఆ రెండు మాటల చుట్టరికానికి నేను చక్కని సాక్ష్యంగా భావిస్తాను.

క్రీస్తుశకం 42లో క్లాడియస్ చక్రవర్తి రోము నగరం కోసం టైబర్ నది సముద్రంలో కలిసే చోటుకు దగ్గరగా కొత్త రేవు తవ్వించడం మొదలుపెట్టాడు. తర్వాత ట్రాజన్ చక్రవర్తి దానికి ఆరు భుజాల పెద్ద కొలను లాంటి లోపలి రేవును జోడించాడు. ఆ రేవుకూ, దాని చుట్టూ వెలసిన ఊరికీ కూడా ‘పోర్టుస్’ అనే పేరే స్థిరపడింది. మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట చిత్తడి నేలను తవ్వి సిద్ధం చేసిన ఇన్నర్ హార్బరును చూసిన విశాఖవాసులకు ఇది కొత్తగా అనిపించదు. మన రేవులో ఓడల వ్యాపారం మొదలైంది 1933లో. వారిది అంతకు దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ల ముందటిది. ట్రాజన్ తవ్వించిన ఆ షడ్భుజి కొలను ఇప్పుడు రోము నగరపు పెద్ద విమానాశ్రయానికి పక్కనే ఉంది. ఎయిర్‌పోర్టు అనే మాటకు ఇంతకంటే తగిన చోటు దొరకదు.

ఇక ఈ మాట ఇంగ్లీషులోకి ఎప్పుడు చేరిందనేది చూడాలి. నార్మన్లు 1066లో ఇంగ్లండును గెలుచుకున్నాకనే లాటిన్ మాటలన్నీ ఫ్రెంచి ద్వారా వచ్చాయని చాలామంది అనుకుంటారు. ‘పోర్ట్’ మాత్రం అంతకు ఎంతో ముందే పాత ఇంగ్లీషులో ఉంది. తర్వాత ఫ్రెంచి దానికి కొత్త బలం ఇచ్చింది. దక్షిణ తీరంలోని పోర్ట్స్‌మత్ పేరులో కనిపించేది ఆ పాత మాటే. ఆంగ్లో-శాక్సన్ క్రానికల్ అనే పాత చరిత్ర గ్రంథంలో, 501వ సంవత్సరంలో ‘పోర్ట్’ అనే వీరుడు ఇద్దరు కొడుకులతో రెండు ఓడల్లో వచ్చి ఆ చోట దిగాడని రాసి ఉంది. ఊరి పేరుకు కారణం తెలియని కాలంలో ఆ పేరులో నుంచే ఒక మనిషిని పుట్టించారని నేటి పండితులు తేల్చారు. మనకు ఇది తెలిసిన పద్ధతే. స్థలపురాణాలు రాసినవారు ఏ ఊరికైనా ఒక దేవుణ్ణో రాక్షసుణ్ణో రాజునో వెతికిపెట్టకుండా విడిచిపెట్టలేదు కదా.

ఇక్కడ మీ అమ్మాయి క్లాసులో చెప్పదగిన విషయం ఒకటి ఉంది. లాటిన్, ఇంగ్లీషు, సంస్కృతం ఒకే కుటుంబానికి చెందినవని సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చేసిన ప్రసంగం తర్వాత పండితులు పట్టుదలగా పరిశీలించారు. వారి పరిశీలనలో ఒక నియమం బయటపడింది. పాత మూలంలోని ‘ప’ ధ్వని లాటిన్‌లోనూ సంస్కృతంలోనూ ‘ప’గానే నిలిచింది కానీ, ఇంగ్లీషు పుట్టిన జర్మానిక్ శాఖలో మాటకు మొదట ఉన్నప్పుడు ‘ఫ’గా మారింది. తండ్రిని లాటిన్ ‘పాటెర్’ అంటే, సంస్కృతం ‘పితృ’ అంటే, ఇంగ్లీషు ‘ఫాదర్’ అంటుంది. పాదం సంగతీ అంతే. సంస్కృతంలో ‘పాద’, ఇంగ్లీషులో ‘ఫుట్’. ఈ లెక్కన ‘పోర్టుస్’కు ఇంగ్లీషులో తాతతండ్రుల నుంచి సంక్రమించిన మాట ఉంటే అది ‘ఫ’తో మొదలు కావాలి. ఉంది కూడా. అదే ‘ఫోర్డ్’, అంటే ఏటిని కాలినడకన దాటగలిగే లోతులేని చోటు. ఆక్స్‌ఫర్డ్ అంటే ఎడ్లు ఏరు దాటే రేవు. నది దాటించే ‘ఫెర్రీ’ ఆ ధాతువుదే. నార్వే తీరంలో సముద్రం కొండల మధ్యకు చొచ్చుకుపోయిన ‘ఫియార్డ్’ కూడా ఆ ఇంటిదే. అంటే ‘ఫోర్డ్’ ఇంగ్లీషుకు వారసత్వంగా దక్కింది. ‘పోర్ట్’ లాటిన్ నుంచి ఎరువు తెచ్చుకున్నది. మొదటి అక్షరం ‘ప’గా మిగిలిపోవడమే ఆ ఎరువుకు ఆనవాలు.

సంస్కృతంలో కూడా ఈ ధాతువు మనకు బాగా తెలిసిన మాటల్లో ఉంది. ‘పారం’ అంటే అవతలి ఒడ్డు. ఒక విద్యలో అవతలి ఒడ్డు చేరినవాడు పారంగతుడు, ఒడ్డు కనిపించనిది అపారం, గ్రంథాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చదవడం పారాయణం. సముద్రానికి ఉన్న పారావారం అనే పేరులోనూ ఆ పారమే ఉంది. అయితే ఉత్సాహం కొద్దీ ‘ఏరు పారుతోంది’ అనే తెలుగు క్రియను కూడా ఈ జాబితాలో చేర్చకూడదు. ‘పారు’ ద్రావిడ ధాతువు. తమిళ, కన్నడాలలో దానికి సొంత బంధువులున్నారు. దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావని ఎల్లిస్ దొర 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలోనే చూపించాడు. నీళ్లూ ఒడ్డూ రెండుచోట్లా కనిపించినంత మాత్రాన చుట్టరికం కలపడం కుదరదు.

ఇప్పుడు అమ్మాయి పట్టిక చూద్దాం. ఎక్స్‌పోర్ట్, రిపోర్ట్ మోసుకుపోవడమనే ‘పోర్టారే’ నుంచి వచ్చాయి; వీటికి ట్రాన్స్‌పోర్ట్, సపోర్ట్ కూడా కలుపుకోవచ్చు. బయటికి మోసేది ఎక్స్‌పోర్ట్, వార్తను వెనక్కి మోసుకొచ్చేది రిపోర్ట్, కింద నుంచి మోసి నిలబెట్టేది సపోర్ట్. కాబట్టి మాంగనీసు ఖనిజం మన పోర్టు నుంచి ఎక్స్‌పోర్ట్ అయ్యేదని చెప్పేటప్పుడు ఆ వాక్యంలో తోబుట్టువులు ఇద్దరున్నారు కానీ ఒకరు మరొకరికి బిడ్డ కారు. ఇంపార్టెంట్ కూడా ఆ కోవదే. లోపలికి తెచ్చుట అనే అర్థమున్న లాటిన్ క్రియకు మధ్యయుగంలో ఒక పర్యవసానాన్ని వెంటబెట్టుకు వచ్చుట, ప్రాముఖ్యం కలిగి ఉండుట అనే అర్థాలు ఏర్పడ్డాయి. పాస్‌పోర్ట్‌లో ఉన్నది రేవు అనే ‘పోర్ట్’. రేవు దాటి వెళ్లడానికి ఇచ్చే అనుమతి అది. పోర్టరు విషయంలో జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఇంగ్లీషులో ఇద్దరు పోర్టర్లు ఉన్నారు. రైల్వే స్టేషనులో సామాను మోసే పోర్టరు ‘పోర్టారే’ వంశం. కాలేజీ గేటు దగ్గర కాపలా ఉండే పోర్టరు ‘పోర్టా’ వంశం. పెన్‌డ్రైవు గుచ్చే యూఎస్‌బీ పోర్టు కూడా ద్వారం అనే ఆ ‘పోర్టా’కే చెందింది, రేవుతో దానికి నేరు సంబంధం లేదు. పట్టికలో లేని ‘స్పోర్ట్’ను చేర్చవచ్చు. మనసును పని నుంచి అవతలికి మోసుకుపోవడం అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట ఇంగ్లీషులో మొదటి అక్షరాలు పోగొట్టుకుని అలా మిగిలింది.

కొట్టివేయవలసినవి పోర్షన్, పోర్ట్రెయిట్. మొదటిది వాటా అనే అర్థమున్న ‘పోర్టియో’ అనే వేరే లాటిన్ మాట. రెండవది బయటికి లాగుట, గీయుట అనే అర్థమున్న ‘ప్రోట్రాహెరే’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. రాతలో ‘పోర్ట్’ కనిపించడం కేవలం కాకతాళీయం.

మీ నాన్నగారి మాటకు వస్తాను. ‘పట్నం’ సంస్కృతంలోని ‘పత్తనం’ లేదా ‘పట్టణం’ రూపం. దానికీ ‘పోర్టుస్’కూ మూలంలో సంబంధం లేదు. కానీ రెండు మాటలూ నడిచిన దారి ఆశ్చర్యకరంగా ఒకే రకమైనది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఓడల వ్యవహారాలు చూసే నావాధ్యక్షుని విధులు చెప్పేటప్పుడు ‘పణ్యపత్తనం’, ‘పత్తనాధ్యక్షుడు’ అనే మాటలు వస్తాయి. అక్కడ పత్తనం అంటే సరుకులు దిగే రేవు. అమరకోశం నాటికి అది పురి, నగరి అనే మాటల పక్కన ఊరికి పర్యాయపదమై కూర్చుంది. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, మచిలీపట్నం, కృష్ణపట్నం అని తీరం వెంబడి పేర్లు చదువుకుంటూ పోతే పాత అర్థం ఇంకా వినిపిస్తుంది. అదే తెలంగాణ పల్లెల్లో ‘పట్నం పోయిండు’ అంటే సముద్రం ఊసే లేని హైదరాబాదుకు వెళ్లాడని అర్థం. ఇంగ్లీషు ‘పోర్ట్’కూ అచ్చంగా ఇదే జరిగింది. పాత ఇంగ్లీషులో దానికి రేవుతో పాటు సంత జరిగే పట్టణం అనే అర్థం కూడా స్థిరపడింది. ఎడ్వర్డ్ రాజు 10వ శతాబ్ది ఆరంభంలో, క్రయవిక్రయాలు ‘పోర్ట్’లోనే, అక్కడి అధికారి సాక్ష్యంతోనే జరగాలని శాసించాడు. ఆ అధికారి పేరు ‘పోర్ట్-రీవ్’. సముద్రానికి ఎంతో దూరంగా ఇంగ్లండు నడిబొడ్డున న్యూపోర్ట్ పాగ్నెల్ అనే ఊరుంది; అందులోని న్యూపోర్ట్‌కు ‘కొత్త పట్నం’ అనే తప్ప కొత్త రేవు అని అర్థం చెప్పలేము. కనుక ‘విశాఖపట్నం పోర్టు’ అన్నప్పుడు రేవును రెండు భాషల్లో రెండుసార్లు చెబుతున్నామని మీ నాన్నగారు అంటే, దాన్ని నేను కాదనను.

మన మాట అటు వెళ్లలేదు కానీ, ‘పోర్టుస్’ మాత్రం మనకు తెలియకుండానే తెలుగులోకి చాలాకాలం కిందటే వచ్చి చేరింది. ఐబీరియా తీరంలో రోమన్ల కాలపు రేవు ‘పోర్టుస్ కాలె’ పేరు మీద పోర్చుగల్ దేశం ఏర్పడింది. అక్కడి నుంచి వచ్చిన నావికులను మన పెద్దలు ‘బుడతకీచులు’ అన్నారు. పోర్చుగీసు అనే మాటను తెలుగు నోరు తనకు వీలైన తీరులో మలచుకోగా తేలిన రూపం అది.

ప్రశ్న: ఫిషింగ్ హార్బరులో బోటు ఇంజన్ల మరమ్మతు చేస్తుంటాను. ఓడకు ఎడమ పక్కను ‘పోర్ట్’ అని ఎందుకంటారు? ధనవంతులకు వాడే ‘పోష్’ అనే మాట కూడా దీని నుంచే వచ్చిందని ఒకరు చెప్పారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, వన్ టౌన్, విశాఖపట్నం

జవాబు: వెనక మధ్యలో చుక్కాని అమర్చడం రాక మునుపు, ఉత్తర ఐరోపా ఓడలను కుడి పక్కన కట్టిన పెద్ద తెడ్డుతో నడిపేవారు. అందువల్ల కుడి పక్కకు నడిపే పక్క అనే అర్థంలో ‘స్టార్‌బోర్డ్’ అనే పేరు వచ్చింది. ఆ పక్కను గట్టుకు ఆనిస్తే తెడ్డు నలిగిపోతుంది కాబట్టి రేవులో ఎడమ పక్కనే ఆనించి, సరుకు అటు నుంచే ఎక్కించేవారు. ఎడమ పక్క పాత పేరు ‘లార్‌బోర్డ్’. దానికి మూలమైన మధ్యయుగపు రూపంలో కనిపించేది సరుకు ఎక్కించే పక్క అనే అర్థమే. గాలివానలో కేక వేస్తే స్టార్‌బోర్డ్, లార్‌బోర్డ్ ఒకేలా వినిపిస్తాయి. ప్రమాదం అక్కడే ఉంది. అందుకని రేవు వైపు ఉండే పక్క అనే అర్థంలో అప్పటికే వాడుకలో ఉన్న ‘పోర్ట్’నే వాడాలని బ్రిటిష్ నౌకాదళం 1844లో ఆజ్ఞ ఇచ్చింది, అమెరికా నౌకాదళం 1846లో అదే పని చేసింది.

రాత్రిపూట ఎడమ పక్కన ఎర్ర దీపం, కుడి పక్కన ఆకుపచ్చ దీపం ఉండడం మీకు తెలిసిందే. సముద్రం నుంచి మన హార్బరులోకి వచ్చే ఓడకు డాల్ఫిన్స్ నోస్ కొండ పోర్ట్ వైపు, అంటే ఎర్ర దీపం వైపు ఉంటుంది. తిరిగి వెళ్లేటప్పుడు అదే కొండ స్టార్‌బోర్డ్ వైపుకు వస్తుంది. ఓడ ఎటు తిరిగినా మారని పేరు కావాలనే, చూసేవారిని బట్టి మారిపోయే కుడిఎడమలను విడిచి నావికులు ఈ పేర్లు పెట్టుకున్నారు.

‘పోష్’ కథ కల్పితం. ఇంగ్లండు నుంచి ఇండియాకు వచ్చే ఓడల్లో ఎండ తగలని పక్క గది కావాలనుకునే ధనవంతుల టిక్కెట్ల మీద, ‘పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్’ (పోయేటప్పుడు పోర్ట్, ఇంటికి వచ్చేటప్పుడు స్టార్‌బోర్డ్) అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు ముద్రించేవారని ఆ కథ చెబుతుంది. అటువంటి టిక్కెట్టు ఒక్కటి కూడా ఇంతవరకు దొరకలేదు. ఒక మాటలోని అక్షరాలను విడదీసి ఒక్కో అక్షరానికి ఒక్కో మాట చెప్పే వ్యుత్పత్తి ఏది వినిపించినా ముందు అనుమానించాలి. పాతకాలపు మాటల విషయంలో అవి దాదాపు ఎప్పుడూ తర్వాత అల్లినవే.

ప్రశ్న: మా కాలేజీకి వచ్చిన ఒక వక్త, రేవు వైపు వీచే గాలిని రోమన్ నావికులు ‘ఆపర్చునిటీ’ అనేవారని, అందుకే అవకాశం వచ్చినప్పుడు తెరచాప ఎత్తాలని చెప్పారు. ఇది నమ్మవచ్చా?
– ఒక విద్యార్థిని, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: సగం నమ్మవచ్చు. ఈ మాటకు మూలమైన లాటిన్ విశేషణం ‘ఒప్పోర్టూనుస్’లో ‘వైపు’ అనే అర్థమిచ్చే ‘ఒబ్’ అనే ఉపసర్గ, ‘పోర్టుస్’ ఉన్నాయని పండితులు సాధారణంగా అంగీకరిస్తారు. గాలి సంగతి నిఘంటుకారులు అర్థం విడమరచడానికి చెప్పే వివరణ. లాటిన్ రచయితల చేతిలో ఆ మాట ఎక్కువగా అనువైన చోటుకు, అనువైన సమయానికి విశేషణంగా వస్తుంది. పైన చెప్పిన ఫెస్టుస్ కూడా గాలి మాట ఎత్తలేదు. నావికులకు రేవు ఎంతో ఉపయోగకరమైనది, వారు మిక్కిలి కోరుకునేది కనుక ఆ మాట పుట్టిందని మాత్రమే రాశాడు. వక్తగారు చెప్పిన తీరులో రోమన్ నావికులు గాలికి పెట్టుకున్న పేరు అది కాదు.

దీనికి వ్యతిరేకమైన మాట కూడా ఉంది. ‘ఇంపోర్టూనుస్’ అంటే రేవు లేనిది, చేరడానికి వీలుకానిది. అక్కడి నుంచి అననుకూలమైనది, తర్వాత చికాకు పెట్టేది అని అర్థం మారుతూ వచ్చి, ఇంగ్లీషులో ‘ఇంపోర్ట్యూన్’ అనే క్రియగా మిగిలింది. వేళ కాని వేళ వచ్చి, కాదన్నా కదలకుండా ప్రాధేయపడుతూ వేధించడం దాని నేటి అర్థం.